ఒక కొయితా, ఒక డబ్బా

“నా సగం ఏది?”

“నీ సగం నువ్వు తిన్నవ్. పొయ్యి కాడ కూసొని, చాయ్ తోటి.”

“అది మొన్నటిది! ఇయ్యాల ఎర్రది నా వంతు. నువ్వెట్ల మింగుతవ్? నువ్వు మనిషివా, బొక్కెనవా?”

“మెల్లగ మొత్తుకోయే. బయట ఎవలో నిలవడ్డరు.”

బయట నిలబడ్డది నేనే. 2013 ఎండాకాలం. ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట పోయే బస్సు దారిలో మా ఊరు, ఊరి వెనక గుట్ట వాలులో తండా. లోపలి కొట్లాట లంబాడీలో నడుస్తోంది. చిన్నప్పుడు తండా పిల్లలతో తిరిగినందువల్ల ఆ భాష నాకు సగం అర్థమవుతుంది, మిగతాది నేనే కల్పించుకుంటాను. ఆ పొద్దున నేను కల్పించుకున్నది మటన్. ఎర్రది అన్నారు కాబట్టి కార్జం అనే నిర్ణయానికి కూడా వచ్చేశాను. పొద్దున్నే కార్జం వండుకునే ఇంటికి మనం సరైన సమయానికే వచ్చామనుకుని గొంతు సవరించుకున్నాను.

నా వెనక స్వామిదాసు అన్న ఉన్నాడు. ఎల్లారెడ్డి సర్కారు దవాఖాన తరఫున బండి మీద ఊళ్ళు తిరుగుతూ టీబీ రోగుల బాగోగులు చూసే మనిషి. తండాలో కుక్కలుంటాయని నన్ను ముందు నడవమన్నాడు. చదువు మానేసినవాణ్ణి కుక్క కరిచినా దేశానికి పెద్ద నష్టం లేదని ఆయన ఉద్దేశం కావచ్చు. నేనూ కాదనలేకపోయాను.

తడక తోసుకుని సేవ్లి బయటికొచ్చింది. ముప్పై దాటిన మనిషి, పొడగరి. ఒంట్లో కండంతా కరిగిపోయింది గాని గొంతు మాత్రం కరగలేదు. ఆమె అరచేతిలో కార్జం లేదు. కొడవలి మొనతో రెండుగా విరిచిన తెల్ల బిళ్ళలున్నాయి.

స్వామిదాసు ఆ చేతినీ, వెనకాలే దగ్గుకుంటూ వచ్చిన ఆమె మొగుడు జైరామ్‌నూ మార్చి మార్చి చూశాడు.

“ఇదేందమ్మా? బిళ్ళలు ఇరగ్గొట్టుడేంది?”

“ఇరగ్గొట్టకుంటే ఇద్దరికెట్ల సరిపోతయి సారూ?”

“ఇద్దరికా? మందు నీ ఒక్కదానికి గదా!”

“ఆయన గూడ దగ్గుతడు గద.”

సంగతి ఇది. కిందటేడు సేవ్లికి టీబీ అని తేలింది. ఆమె పేరు మీద ఒక డబ్బా మందు వచ్చింది. మా ఊరి ఆశా వర్కర్ గంగామణక్క కొన్ని మోతాదులు ఎదురుగా మింగించి, మిగతావి ఇంటికిచ్చేది. ఇంటికొచ్చినవన్నీ మొగుడూ పెళ్ళాం పంచుకున్నారు. బిళ్ళలను విరిచారు. ఎర్రది క్యాప్సూల్, విరగదు కనుక వంతులేసుకున్నారు, ఒకసారి ఆమె, ఒకసారి అతను. జబ్బు తగ్గలేదు. మళ్ళీ మందు మొదలుపెడితే దాన్నీ అట్లాగే పంచుకున్నారు.

“ఎందుకు చేసిండ్రమ్మా గిట్ల?” అన్నాడు స్వామిదాసు, గడప పక్కన మట్టిలోనే కూలబడి.

సేవ్లి ఆయన వంక జాలిగా చూసింది. “మేం ఒక కొయితా గద సారూ.”

చెరుకు కోతకు పోయేవాళ్ళ మాట అది. దీపావళి కాగానే ఈ తండాల నుంచి లారీలు కదులుతాయి. ఉగాది దాకా మహారాష్ట్రలో చెరుకు కొట్టుడే. అక్కడ మొగుడూ పెళ్ళాం ఇద్దరు మనుషులు కాదు, ఇద్దరూ కలిసి ఒక కొయితా. కొయితా అంటే కొడవలి. అతను నరుకుతాడు, ఆమె ఆకు దూసి, మోపు కట్టి, నెత్తినెత్తుకుని చెక్క మీదుగా లారీ ఎక్కిస్తుంది. కొయితాకు ఒక గుడిసె, ఒక పొయ్యి, ఒక కడవ. ఏది ఇచ్చినా కొయితాకే ఇస్తారు, మనిషికి ఇవ్వరు. సేవ్లి పుట్టిందే చెరుకు తోటలో. ఏ ఊరి తోటో వాళ్ళమ్మకే గుర్తు లేదట. తెలుగు కంటే ముందు మరాఠీ తిట్లు నేర్చింది. పెళ్ళయిన ఏడాది నుంచి జైరామ్‌తో ఏ సీజనూ తప్పలేదు. బీడీ కూడా ఒకటే ముట్టించి ఇద్దరూ తాగేవారు. అలాంటి ఇంటికి ఒక డబ్బా మందు వస్తే అది ఒక్క మనిషిదని ఆమెకు ఎందుకు తోస్తుంది?

స్వామిదాసు సంచిలోంచి కాగితం తీశాడు. ఉగాదికి తిరిగొచ్చినప్పుడు ఆమె తెమడ హైదరాబాదు ల్యాబుకు పంపితే ఇప్పటికి ఫలితం వచ్చింది. అరకొర మందుకు క్రిములు చావలేదు, రాటుదేలాయి. టీబీకి వాడే పెద్ద మందులు రెండూ ఇప్పుడు ఆమె మీద పనిచేయవు.

ఇక్కడ నా విద్వత్తు గురించి చెప్పాలి. నేను కామారెడ్డిలో డిగ్రీలో చేరింది మైక్రోబయాలజీ కోసం. చేరిన మాట నిజం, అంతవరకే నిజం. రెండో ఏడు దాటలేదు. ఉద్యమం కోసం చదువు వదిలేశానని ఊళ్ళో చెప్పుకున్నాను. ఆ రోజుల్లో ఆ మాట బాగా చెల్లేది. బంద్ లేని రోజుల్లో కూడా నేను కాలేజీకి పోలేదని మా బాపుకు మాత్రమే తెలుసు. కంటికి కనపడని జీవుల చేతిలో సప్లిమెంటరీలో కూడా ఓడిపోయిన మొనగాణ్ణి. అయినా ఆ పూట స్వామిదాసు “నువ్వు సూక్ష్మజీవుల చదువు చదివినవ్ గదా, జర వీళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పు” అనేసరికి ఛాతీ ఉబ్బింది.

మంచం మీద కూర్చుని మొదలుపెట్టాను. “చూడక్కా, చెరుకును మొదలంట తవ్వకుండ పైపైన కోసి వదిలేస్తే ఏమైతది? మళ్ళ పిలకలేస్తది గదా? ముందటి కంటే గుబురుగ లేస్తది. నీ లోపల క్రిమి గూడ గంతే. సగం మందు వేస్తే పైపైన కోసినట్టు.”

గొప్ప పోలిక చెప్పానని నేనే మెచ్చుకుంటూ ఆగాను.

“మంచిదే గద తమ్మీ,” అంది సేవ్లి. “పిలక తోటంటే విత్తనం ఫుకట్, దున్నుడు ఫుకట్. పటేండ్లు దానికే సంబురపడతరు.”

జైరాం కూడా తల ఊపాడు. స్వామిదాసు నా భుజం మీద చేయి వేసి, “ఇగ నువ్వు లే,” అన్నాడు. తర్వాత ఆయనే నాలుగు ముక్కల్లో చెప్పాడు. పాత మందు పనిచేయదు. వేరే మందులున్నాయి, బలమైనవి, రెండేళ్ళు తినాలి. మొదట్లో ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. ఒక్క పూట కూడా తప్పొద్దు. సేవ్లి అంతా విని, “ఆయనకు?” అని అడిగింది.

జైరామ్‌కూ పరీక్షలు చేయించారు. వారం తర్వాత ఎల్లారెడ్డిలో డాక్టరు చెప్పిన మాట నేను చెవులారా విన్నాను. జైరామ్‌కు టీబీ లేదు, ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు. అది బీడీ దగ్గు.

జైరామ్‌కు అవమానమైపోయింది. “లేదా? మరి నేను ఇన్ని దినాలు గా చేదు గోలీలు ఎందుకు మింగిన? మూత్రం గూడ ఎర్రగొచ్చింది నాకు!”

సేవ్లి నవ్వడం మొదలుపెట్టింది. దవాఖాన వరండాలో జనమంతా తిరిగి చూసేలా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గుతూ గోడ పట్టుకుని కూర్చుంది. మళ్ళీ తలెత్తేసరికి నవ్వు లేదు. తన వంతు మందు ఎటు పోయిందో ఆమెకు అప్పుడు తెలిసొచ్చినట్టుంది. జైరాం జేబులోంచి బీడీకట్ట తీసి, చెత్తబుట్టలో వేసి, కాసేపటికి వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాడు.

సేవ్లిని హైదరాబాదులో పెద్ద దవాఖానలో కొన్నాళ్ళుంచి ఆ బలమైన మందులు మొదలుపెట్టి పంపారు. ఇక్కడ రోజూ ఎవరైనా ఎదురుగా నిలబడి మింగించాలి, ఇంజెక్షనుకు సబ్‌సెంటరుకు తీసుకుపోవాలి. తండాకు బస్సు లేదు, గంగామణక్కకు బండి లేదు. బండి ఉండి, పని లేని మనిషి ఎవరా అని స్వామిదాసు ఊరంతా వెతకనక్కరలేదు, నేను హోటల్ ముందే కూర్చుని ఉన్నాను.

అట్లా నేను డాక్టర్‌సాబ్‌నయ్యాను. ఆ పేరు సేవ్లి పెట్టిందే. “డాక్టర్‌సాబ్ వచ్చిండు, మంచమెయ్యండ్రి” అని తండా అంతా వినపడేలా అరిచేది. మొదటి వారం నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

ఆ మందులు తినడమంటే మాటలు కాదు. గుప్పెడు బిళ్ళలు.  ఒక్కోసారి వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని, “ఇగ నీ పెండ్లి భోజనం తిననక్కర లేదు తమ్మీ, గిదే చాలు” అనేది. రాత్రుళ్ళు పిచ్చి కలలు, చచ్చిపోయిన అత్త వచ్చి మోపు కట్టడం తప్పు పడుతుందట. ఇంజెక్షన్ల వల్ల చెవుల్లో హోరు మొదలైంది.

“చెవుల్ల ఎడ్లబండ్ల గంటలు మోగుతున్నయి,” అని చెప్పింది ఒక రోజు బండి మీద వెనక కూర్చుని.

“బస్సుదేమో అక్కా.”

“బస్సు నెత్తిలకెళ్ళి పోతదా?”

డాక్టరుకు చెబితే ఇంజెక్షను మోతాదు తగ్గించారు. హోరు తగ్గింది గాని కుడి చెవి మందగించింది. నేను చెప్పే ఉపన్యాసాలు ఆమె ఆ చెవి నా వైపు తిప్పి వినేది.

ఆ రోజుల్లోనే నా ఫోన్లో ఒక వార్త చదివాను. నలభై ఏళ్ళ తర్వాత టీబీకి కొత్త మందు కనిపెట్టారు, మొండి టీబీ మీద కూడా పనిచేస్తుందట. నేనే కనిపెట్టినంత సంబరంతో తండాకు బండి తోలాను.

“అక్కా, కొత్త గోలీ వచ్చింది!”

“ఏడికి? ఎల్లారెడ్డికా?”

“కాదు.”

“కామారెడ్డికా?”

“అమెరికాల వచ్చింది. అక్కడ మంజూరయింది.”

సేవ్లి నా చేతిలోంచి ఆ రోజు బిళ్ళలు తీసుకుని ఒక్కొక్కటే మింగింది. నీళ్ళు తాగింది. “అమెరికాల నాకెవలు తెల్వదు తమ్మీ,” అంది.

నాకు తెలిసిన పెద్ద మనిషి స్వామిదాసే కాబట్టి ఆయన్ను అడిగాను. ఆ మందు మన దేశానికి రావాలి, పరీక్షలు జరగాలి, అనుమతులు రావాలి, ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదన్నాడు. “ఇప్పుడు తింటున్నది గూడ పనిచెయ్యకపోతే తర్వాత ఏందన్నా?” అన్నాను. ఆయన బండి స్టాండు తీశాడు, మళ్ళీ వేశాడు. “తర్వాత అనేది లేదు నరేందర్. మన దగ్గర ఉన్నదిదే.”

ఆ మాట సేవ్లికి చెప్పాలని పోయాను. ఎదురుగా కూర్చుని వాన గురించి మాట్లాడి వచ్చాను.

ఆమె కూతురు కళ ఎల్లారెడ్డి హాస్టల్లో చదువుతుంది. నెలకొకసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు హాస్టల్ గేటు ముందు బండి ఆపమనేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటుకు దూరంగా నిలబడేది. కళ లోపలి నుంచి, ఈమె బయటి నుంచి ఊళ్ళో మేకల గురించి అరుచుకునేవారు. కళ చేయి చాపితే సేవ్లి వెనక్కి జరిగేది. “మాయ రోగం పిల్లా, నా కాడనే ఉండనీ,” అనేది. దసరా ముందు పరీక్షలో ఆమె తెమడలో క్రిములు కనపడలేదు. ఆ రోజు గేటు దగ్గర కొంగు తీసేసి, కళ జడ విప్పి, మళ్ళీ అల్లింది. ఆ అల్లికకు బస్సు తప్పిపోయేంత సేపు పట్టింది. బస్సుతో మాకు పని లేదు గాని, కళ వార్డెన్ తిట్లు మాత్రం నేనే తిన్నాను.

కష్టమంతా అక్కడే మొదలైంది. క్రిములు కనపడలేదంటే జబ్బు పోయిందని సేవ్లి లెక్క. నాలుగు ముద్దలు తింటోంది, తండా నుంచి ఊరి దాకా ఆగకుండా నడుస్తోంది. ఆ పైన దీపావళి వచ్చింది, దాని వెంట బాబూలాల్ వచ్చాడు. బాబూలాల్ ఈ తండాల నుంచి చెరుకు కోత గుంపులు కట్టే ముకద్దం. జైరాం ఈ ఏడు కూడా వస్తానని అతనికి జబాన్ ఇచ్చి ఉన్నాడు. వానలు నమ్ముకున్న వాళ్ళ చెలకలో జొన్న కంకి చేతికి రాలేదు. కోతకు పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

లారీ వచ్చే ముందు రోజు సాయంత్రం స్వామిదాసూ నేనూ తండాకు పోయేసరికి సేవ్లి గిన్నెలు మూట కడుతోంది. బాబూలాల్ మంచం మీద, జైరాం నేల మీద.

“ఏడికమ్మా?” అన్నాడు స్వామిదాసు.

“కోతకు. నయమైంది గద సారూ. మీరే చెప్పిండ్రు.”

“కనిపించలేదని చెప్పిన. పోయిందని చెప్పలే. ఇంక ఏడాదిన్నర తినాలె. నడుమ ఇడిస్తే గివి గూడ పనిచెయ్యవు. అప్పుడు నీకు ఇచ్చెటందుకు నా కాడ ఏం లేదు. ఏ దవాఖానల లేదు.”

“మందు కట్టియ్యుండ్రి, ఎంబడి తీసుకపోత.”

“ఇంజెక్షన్ ఎవలేస్తరు? అక్కడి దవాఖానకు రాయొచ్చు గని, మీ గుంపు వారానికో ఊరు మారుతది. ఏ ఊరికని రాయాలె?”

సేవ్లి గిన్నె కింద పెట్టింది. జైరాం వైపు తిరిగింది. “నువ్వొక్కనివే పో.”

బాబూలాల్ నోట్లో తంబాకు ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మార్చాడు. “ఒంటి మనిషి కొయితా గాదు సేవ్లీ. నరికితే మోపెవలు కడతరు? లారీ ఎవలెక్కిస్తరు? కావాలంటే పక్క తండాల ఒక మొగుడు లేని పిల్ల ఉన్నది, జోడీ చేస్త.”

“చేస్తవ్! చేసి చూడు. ఆయన కాళ్ళు ముందు ఇరగ్గొడత, తర్వాత నీవి.”

“నేనేమన్ననే?” అన్నాడు జైరాం. ఆ సాయంత్రం అతను మాట్లాడిన మొదటి మాట అది. “నేనీడనే ఉంట తీయ్. గడ్డి తిని బతుకుదాం.”

“నువ్వు గడ్డి తింటవ్, కళ ఏం తింటది?”

 ఇలాంటి సమయంలో చదువుకున్నవాడు ఏదో ఒకటి చెప్పాలని నాకొక జబ్బుంది. “కలెక్టరుకు దరఖాస్తు పెడదాం,” అన్నాను. బాబూలాల్ నవ్వలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

సేవ్లి మాత్రం నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. బిచ్కుంద సంతలో ఎద్దును చూసినట్టు చూసింది.

“లే తమ్మీ.”

లేచాను.

“అటు తిరుగు.”

తిరిగాను. వెనక నుంచి వచ్చి నా మెడా భుజాలూ వేళ్ళతో నొక్కింది. మంచం పక్కన కోతకని కట్టిపెట్టిన సామాను బస్తా చూపించి ఎత్తమంది. ఎందుకో తెలియకుండానే ఎత్తాను. భుజం మీదికి వేసుకుని నిలబడ్డాను. స్వామిదాసుకు నాకంటే ముందే అర్థమైనట్టుంది, గుట్ట వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

“ఈ పటేల్ పోరడా?” అన్నాడు బాబూలాల్. “పెన్ను తప్ప ఏమన్న మోసిండా ఎన్నడన్న?”

“పెన్ను గూడ మొయ్యలేకనే కాలేజీ ఇడిసిండు,” అంది సేవ్లి. “గని బస్తా ఎత్తిండు, చూసినవ్ గద. పది దినాలు ఏడుస్తడు, తర్వాత నేర్చుకుంటడు.”

“అక్కా, మరి నీకు రోజూ మందు ఎవరిస్తరు?” అన్నాను.  బస్తా ఇంకా నా భుజం మీదే ఉంది, దించమని ఎవరూ అనలేదు.

“గంగామణక్క ఇస్తది. గోలీలు చేతిల పెట్టుడు ఎవలైనా పెడతరు. సూదికి నడిచి పోత, నాకిప్పుడు నడువ వస్తది.” ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. వినపడే చెవి నా వైపు పెట్టింది. “నేను సరసమాడుతలేను తమ్మీ. రేపు పొద్దుగాల లారీ వస్తది. ఉగాది దాక మా ఆయనకు జోడీ పో. నువ్వు పోతే నేనీడ కూసొని ఆఖరి గోలీ దాక మింగుత, కళ మీద ఒట్టు. నువ్వు పోకుంటే లారీ నేనెక్కుత. పో తమ్మీ. పోతవా?”